డూప్లికేటు వాచీకి ఒరిజినల్ డయల్ వేస్తే విలువ పెరుగుతుందా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఆరేళ్లుగా డైవ్ వాచీలు (నీళ్లలో ఈదేవాళ్ల కోసం చేసేవి) సేకరిస్తున్నాను. ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి. ఒమేగా సీమాస్టర్, ట్యూడర్ బ్లాక్ బే ఒరిజినల్. మూడు సీకో ఎస్‌కేఎక్స్007లు నేనే విప్పి డయల్, ముళ్లు, బెజెల్ (అద్దం చుట్టూ ఉండే రింగు) మార్చుకున్నవి. మిగతా నాలుగూ రోలెక్స్ సబ్‌మెరినర్ రెప్లికాలు, అంటే నకిలీలు. వాటిలో ఒకదానికి ఒరిజినల్ రోలెక్స్ బెజెల్ ఇన్సర్ట్ (బెజెల్ మీద అంకెలుండే సన్నటి రింగు) వేయించాను. ఇప్పుడు ఒరిజినల్ డయల్ కూడా దొరుకుతోంది. ధర దాదాపు నా రెండు నెలల జీతం. అది వేస్తే వాచీ విలువ బాగా పెరుగుతుందని తోటి సేకర్తలు అంటున్నారు. జీతంలో పావు వంతు వీటికే పోతోంది, ఇదంతా పెట్టుబడేనని మా ఆవిడకు చెబుతున్నాను. కొన్ని ఫండ్లు అమ్మి, మిగతాది పర్సనల్ లోన్ తీసుకుని ఒక అసలైన సబ్‌మెరినర్ కొనాలని ఉంది. నా తర్వాత మా అబ్బాయికి ఇవ్వచ్చు కదా. నా ఆలోచన సరైనదేనా?

జవాబు: ముందు డయల్ సంగతి, ఎందుకంటే మీరు దానికి ఇవాళో రేపో డబ్బు కట్టేలా ఉన్నారు. కొనకండి.

ఆ డయల్‌కు అంత ధర ఎందుకుందో ఆలోచించండి. ఎక్కడో ఒకరి దగ్గర అసలైన పాత సబ్‌మెరినర్ ఉంది, దాని డయల్ పాడైంది. ఆయనకు అదే కాలపు డయల్ కావాలి. ధర ఆయన అవసరానిది. మీరు దాన్ని రెప్లికాలో బిగించిన రోజున ఆ కొనుగోలుదారు మీకు దూరమవుతాడు. పైగా డయల్ అడుగున సన్నటి కాళ్లు రెండుంటాయి. అవి రోలెక్స్ మూవ్‌మెంట్ (వాచీని నడిపే లోపలి యంత్రం)లోని రంధ్రాలకు సరిపోతాయి కానీ రెప్లికాలో వేసే చాలా మూవ్‌మెంట్లకు సరిపోవు. అప్పుడు మోడింగ్ (భాగాలు మార్చడం) చేసేవాళ్లు ఏం చేస్తారో మీకు తెలిసే ఉంటుంది: కాళ్లు కత్తిరించి, అంటించేస్తారు. ఆ కత్తెర పడ్డాక దాన్ని మళ్లీ ఒరిజినల్ డయల్ ధరకు ఎవరూ కొనరు. రెండు నెలల జీతం పెట్టి కొన్నదాని విలువను మీ బల్ల మీదే నరికేసుకున్నట్టు అవుతుంది.

విలువ పెరుగుతుందన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. ఇలా అసలు, నకిలీ భాగాలు కలిపి చేసిన ఫ్రాంకెన్ వాచీలకు మోజు పడేవాళ్లు ఉన్నారు. కానీ రెప్లికాను, అది రెప్లికా అని చెప్పి అమ్మినా సరే, చాలా దేశాల్లో ట్రేడ్‌మార్క్ చట్టం ఒప్పుకోదు. చట్టబద్ధంగా అమ్మలేని వస్తువుకు మార్కెట్ ధర అంటూ ఏముంటుంది? అసలు వాచీకే వేరేవాళ్లు చేసిన భాగాలు వేసి అమ్మినా చిక్కే. అమెరికాలో ఒక పాత వాచీల వ్యాపారి నిజమైన రోలెక్స్‌లకు కంపెనీవి కాని బెజెళ్లు, డయళ్లు వేసి రోలెక్స్ పేరుతోనే అమ్మాడు. అవి నకిలీ కిందికే వస్తాయన్న తీర్పును 2024 జనవరిలో అక్కడి ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు సమర్థించింది. మీది అందుకు తిరగేసిన వ్యవహారం, నకిలీ ఒంటికి అసలు ముఖం. కోర్టు దాకా వెళ్తే మీకు ఇంకా కష్టం.

ఇక మీ తొమ్మిది వాచీల లెక్క. సబ్‌మెరినర్ రెప్లికాలు నాలుగూ మీ ఆస్తుల పట్టికలో సున్నా. తక్కువ అనడం లేదు, సున్నా అంటున్నాను. మీరు చేతికి పెట్టుకుని ఆనందిస్తే అది సినిమా టికెట్టు లాంటి ఖర్చు. ఖర్చు పెట్టుకోవద్దని నేను అనను గానీ కొత్తది మాత్రం కొనకండి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ పట్టుకుని స్వాధీనం చేసుకోవచ్చు, డబ్బు వెనక్కి అడగడానికి దారి ఉండదు. ఒకదానికి వేయించిన ఒరిజినల్ ఇన్సర్ట్‌ను మాత్రం జాగ్రత్తగా ఊడదీయించి విడిగా అమ్మండి. ఆ వాచీ మొత్తంలో మీ సొమ్ము మిగిలి ఉన్నది ఆ సన్నటి రింగులోనే.

సీకోల దగ్గర నాకు కాస్త ఆశ ఉంది. ఎస్‌కేఎక్స్007 1996లో వచ్చింది, 2019 ప్రాంతంలో ఆగిపోయింది. ఆగిపోయాక, ఎవరూ చెయ్యి పెట్టని వాటికి సెకండ్ హ్యాండ్ మార్కెట్లో గిరాకీ పెరిగింది. వాటి 7ఎస్26 మూవ్‌మెంట్‌కు చేత్తో కీ ఇచ్చే వీలు లేదు, క్రౌన్ (పక్కన తిప్పే బొడిపె) లాగితే సెకన్ల ముల్లు ఆగదు. అందుకే చాలామంది ఈ రెండూ చేసే ఎన్‌హెచ్36 మూవ్‌మెంట్ వేసేస్తారు. వాడకానికి అది మంచి మార్పే, అమ్మకానికి కాదు. విప్పిన డయల్, ముళ్లు, బెజెల్, పాత మూవ్‌మెంట్ దాచి ఉంచారా? ఉంచి ఉంటే మూడింటిలో రెండైనా తిరిగి మొదటి రూపానికి తెచ్చేయండి. పారేసి ఉంటే, విడిభాగాలుగా అమ్మితే వచ్చేది మొత్తం వాచీకి వచ్చేదానికన్నా ఎక్కువ ఉండొచ్చు. మోడింగ్‌కు పెట్టిన ఖర్చు ఎలాగూ రాదు. మీ అభిరుచికి నచ్చిన రంగు ఇంకొకడికి నచ్చాలని లేదు కదా.

ఒక చిన్న పక్క మాట. నేనూ ఒక సీకో వెనక మూత విప్పాను, సరదాకే. మూసేటప్పుడు రబ్బరు గాస్కెట్ నలిగింది, నేను గమనించలేదు. మొదటిసారి నీళ్లలో దిగగానే అద్దం లోపల ఆవిరి కమ్మింది. డైవర్స్ వాచీ అనిపించుకోవడానికి ఐఎస్ఓ 6425 ప్రమాణం కనీసం 100 మీటర్ల లోతును అడుగుతుంది, రాసిన లోతుకన్నా 25 శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్ష చేస్తుంది. ఒకసారి మూత విప్పాక ఆ రాత అలంకారమే, మళ్లీ ప్రెషర్ టెస్ట్ చేయించేదాకా. మీ మూడు సీకోలకూ అది చేయించండి, ఖర్చు చిన్నదే.

ఒమేగా, ట్యూడర్: ఇవే మీ అసలు ఆస్తి. అయితే కొన్న ధరకు రాసుకోకండి. ఈ రెండూ మంచి వాచీలే, కానీ ఎక్కువ మోడళ్లు షాపు గడప దాటగానే కొంత ధర కోల్పోతాయి. ఇవాళ ఒక వ్యాపారి మీ చేతికి ఎంత ఇస్తాడో అడిగి ఆ అంకె రాయండి. సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు కేస్‌కు పాలిష్ వద్దని, తీసిన పాత భాగాలు తిరిగివ్వాలని కాగితం మీద రాయించుకోండి. పాత వాచీల్లో గీతలు పోగొట్టబోయి అంచులు అరగదీయించుకున్నవాళ్లను, పాత డయల్ బదులు సర్వీస్‌లో ఇచ్చే మెరిసే కొత్త డయల్ వేయించుకుని ధర పోగొట్టుకున్నవాళ్లను చూశాను. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే.

ఇప్పుడు లోన్. వాచీ ధర 100 అనుకుందాం, మొత్తం అప్పే అనుకుందాం. వడ్డీ 14 శాతం, మూడేళ్ల గడువు అయితే నెలకు సుమారు 3.42 చొప్పున మొత్తం 123 కడతారు. మూడేళ్లకు అమ్మేటప్పుడు వ్యాపారి 10 శాతం మినహాయించుకుంటే, మీకు 123 చేతికి రావాలంటే వాచీ దాదాపు 137కు పోవాలి. అంటే ఏటా 11 శాతం పెరిగితే గానీ మీరు మొదలుపెట్టిన చోటికి రారు. ఇన్సూరెన్స్, సర్వీస్ ఇందులో కలపలేదు. సగం సొమ్ము ఫండ్ల నుంచి తెస్తే వడ్డీ సగమవుతుంది నిజమే, కానీ ఆ ఫండ్లు ఆ మూడేళ్లలో సంపాదించేది పోతుంది. మీ పట్టికలో ఆ గడి ఖాళీగా వదిలేశారేమో చూడండి.

సబ్‌మెరినర్ ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది అంటారు. 1953లో మొదలైన ఈ మోడల్‌కు పేరుంది, కాదనను. అయితే 2022 తొలి నెలల్లో షాపు ధరకన్నా ఎంతో పైకి వెళ్లిన సెకండ్ హ్యాండ్ ధరలు ఆ తర్వాత బాగా దిగాయి. శిఖరం మీద అప్పు చేసి కొన్నవాళ్లు ధర దిగిపోయాక కూడా వాయిదాలు కట్టాల్సి వచ్చింది. కంపెనీ ధరకు, అధీకృత షాపులో, చేతిలోని డబ్బుతో కొనడం వేరు. వెయిటింగ్ లిస్టు తప్పించుకోవడానికి పైన ప్రీమియం కట్టడం వేరు.

నా మాట ఇది. ఆరు నెలల ఇంటి ఖర్చు అత్యవసర నిధిగా విడిగా ఉందా? ఉన్నా సరే, ఫండ్లను ముట్టకండి. జీతంలో పావు వంతు అంటున్నారు, దాన్ని ఇరవయ్యో వంతుకు దించండి. ఇప్పటిదాకా ఇటు పోయిన మిగతా డబ్బును సబ్‌మెరినర్ పేరుతో వేరే ఖాతాలో వేయండి. ఇన్సర్ట్, సరిచేసిన సీకోలు అమ్మితే వచ్చేది కూడా అందులోకే. ఎన్నేళ్లు పడుతుందో మీ జీతాన్ని బట్టి ఉంటుంది, మీరే లెక్క వేసుకోగలరు. మోడింగ్ సరదా ఆ ఇరవయ్యో వంతులోనే తీర్చుకోండి. మీ ఆవిడకు మాత్రం పెట్టుబడి అన్న మాట ఇక వాడకండి. రెండు వాచీలు ఆస్తి, ఏడు సరదా అని చెప్తే ఆమె వినగలదు.

అబ్బాయి సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ పట్టించుకోరు. మీకు ఏదైనా అయితే ఆ పెట్టె తెరిచేది వాళ్లే. ఒకేలా ఉన్న తొమ్మిది వాచీల్లో ఏది అసలు, ఏది నకిలీ అని వాళ్లకు ఎలా తెలుస్తుంది? రెప్లికాను అసలనుకుని అమ్మజూపి చిక్కుల్లో పడొచ్చు, ఒమేగాను రెప్లికా అనుకుని ఎవరికో ఊరికే ఇచ్చేయొచ్చు. ఈ ఆదివారమే ఒక కాగితం తీసుకుని ఒక్కో వాచీకి ఒక్కో వరుస రాయండి: పేరు, సీరియల్ నంబరు, అసలా నకలా, ఏమేం మార్చారు, బిల్లు, వారంటీ కార్డు ఎక్కడున్నాయి. ఒక కాపీ పెట్టెలో పెట్టి, ఇంకొకటి మీ ఆవిడ చేతికి ఇవ్వండి.