నౌకాదళంలోకి వెళ్లిన చేపల ట్రాలర్ సిబ్బంది వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: మా కోడలిది ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ. ఆమె ముత్తాత అక్కడ చేపల ట్రాలర్‌లో డెక్ హ్యాండ్‌గా (డెక్‌పై పనిచేసే సాధారణ నావికుడిగా) పనిచేసేవారట. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ట్రాలర్‌ను నౌకాదళం తీసుకుందని, ఆయనా దానితోపాటే వెళ్లి 1917లో తిరిగిరాలేదని ఇంట్లో చెప్పుకుంటారు. ట్రాలర్ పేరు తెలుసు గాని, 1914 తర్వాత దాని సిబ్బంది జాబితా ఎక్కడా కనిపించడం లేదు. మా మనవడి కోసం ఈ వివరాలు రాసిపెట్టాలనుకుంటున్నాను. ఎలా వెతకాలి? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ముందుగా ఓడ పేరును పక్కన పెట్టి మనిషి పేరుతో వెతకడం మొదలుపెట్టండి. చేపల వేటకు వెళ్లే ప్రతి ట్రాలర్ యజమానీ సిబ్బంది జాబితాను ప్రభుత్వానికి సమర్పించవలసి ఉండేది. గ్రిమ్స్‌బీ పడవలకు సంబంధించి 1914 వరకు ఉన్న జాబితాలు ఆ ఊరి ఆర్కైవ్స్‌లోనే భద్రంగా ఉన్నాయి. ఆ ట్రాలర్ నౌకాదళం చేతిలోకి వెళ్లిన రోజు నుంచి అది వ్యాపార నౌక కాదు కనుక, దానికి అలాంటి జాబితా రాసే పద్ధతే ఆగిపోయింది. అందువల్ల మీకు కనిపించని కాగితం పోయిందనుకోనక్కరలేదు, అసలు రాసి ఉండకపోవచ్చు. 1915 నాటి బ్రిటిష్ నౌకల సిబ్బంది జాబితాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఆయన పేరు అందులో ఏదైనా చేపల పడవలో దొరికితే అప్పటికింకా వేటలోనే ఉన్నారని తెలుస్తుంది.

సముద్రంలో శత్రువు వదిలిన మైన్లను (ఓడ తగిలితే పేలే బాంబులను) ఏరివేయడానికి చేపల ట్రాలర్లు పనికివస్తాయని అడ్మిరల్ లార్డ్ చార్లెస్ బెరెస్‌ఫోర్డ్ 1907లోనే సూచించారు. మరుసటి ఏడాది గ్రిమ్స్‌బీకి చెందిన ఆండీస్, ఆల్గోమా అనే రెండు ట్రాలర్లతో ప్రయోగాలు జరిగాయి. బరువైన వలను సముద్రం అడుగున లాగడం అలవాటైన వారికి మైన్లను ఏరే తీగను లాగడం కొత్త పని కాదన్నది అందులోని ఆలోచన. అలా రాయల్ నేవల్ రిజర్వ్ (అవసరమైనప్పుడు నౌకాదళంలోకి పిలిచే నావికుల దళం)లో ట్రాలర్ విభాగం ఏర్పడింది. మీ కోడలి ముత్తాత ఆ విభాగంలోనే చేరి ఉంటారు.

ఆయన యుద్ధంలో మరణించారు కనుక, మొదట యుద్ధ మృతుల సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరు వెతకండి. మరణించిన తేదీ, ఓడ పేరు, సర్వీసు నంబరు, చాలామంది విషయంలో తల్లిదండ్రుల లేదా భార్య పేరు కూడా అక్కడ ఉంటాయి. ఆ తేదీతో, ఆ ఓడ పేరుతో మళ్లీ వెతికితే ఆయనతోపాటు ప్రాణాలు కోల్పోయినవారందరి పేర్లూ వస్తాయి. ఒక ట్రాలర్ సిబ్బంది జాబితాకు ఇంతకంటే దగ్గరగా వచ్చే ఆధారం మరొకటి లేదని నా అభిప్రాయం.

సర్వీసు నంబరు ముందుండే అక్షరాలను తప్పక రాసుకోండి. డీఏ అంటే డెక్ హ్యాండ్, ఎస్‌ఏ అంటే సెకండ్ హ్యాండ్ (స్కిప్పర్ తర్వాతి స్థానంలోనివాడు), ఈఎస్ అంటే ఇంజన్ నడిపేవాడు, టీఎస్ అంటే బాయిలరుకు బొగ్గు అందించే ట్రిమ్మర్. ఆ నంబరుతో లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో బీటీ 377/7 అనే శ్రేణిలో ఆయన సర్వీసు కార్డును వెతకవచ్చు. పుట్టిన తేదీ, ఊరు, పనిచేసిన చోట్లు అందులో ఉంటాయి. అదే ట్రాలర్‌లోని సిగ్నల్‌మన్ (సంకేతాలతో సందేశాలు పంపేవాడు) నౌకాదళం నుంచో, వాలంటీర్ రిజర్వ్ నుంచో వచ్చి ఉంటే అతని కాగితాలు అదే ఆర్కైవ్స్‌లోని ఏడీఎం 188 శ్రేణిలోనో, ఏడీఎం 337 శ్రేణిలోనో ఉంటాయి. స్కిప్పర్‌ను (ట్రాలర్ కెప్టెన్‌ను) అధికారుల రికార్డుల్లో చూడాలి.

కార్డు చూసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. అందులో ట్రాలర్ పేరుకు బదులు ‘పెకిన్’ అని కనిపిస్తే కంగారు పడకండి. అది గ్రిమ్స్‌బీలోని నౌకా స్థావరానికి పెట్టిన పేరు. అలాగే ‘అటెంటివ్’ డోవర్ స్థావరం, ‘కాలీన్’ ఐర్లండులోని క్వీన్స్‌టౌన్ స్థావరం. చిన్న పడవల్లోని వారి జీతాల లెక్కలు స్థావరం పేరుతోనే నడిచేవి. దీన్ని గమనించక, తాత ఏదో పెద్ద యుద్ధనౌకలో పనిచేశాడని కుటుంబ చరిత్రలో రాసుకున్నవారు ఉన్నారు. ఒకే పేరుతో అనేక ట్రాలర్లు ఉండేవి కనుక, జీవై అనే గ్రిమ్స్‌బీ అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరును, దానితోపాటు ప్రతి బ్రిటిష్ నౌకకూ విడిగా ఇచ్చే అధికారిక నంబరును కూడా సరిపోల్చుకోండి.

ఆ పడవలో బతికి బయటపడినవారి గురించి తెలుసుకోవాలంటే 1918లో తయారైన గైర్హాజరు ఓటర్ల (సైనిక సేవలో ఇంటికి దూరంగా ఉన్న ఓటర్ల) జాబితా ఉపయోగపడుతుంది. ఇంటి చిరునామా పక్కనే సర్వీసు నంబరు, ఓడ లేదా స్థావరం పేరు అందులో రాసేవారు.

ప్రశ్న: రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికీ ఇదే పద్ధతి వర్తిస్తుందా? – మరొక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పూర్తిగా కాదండి. అప్పటి ట్రాలర్ల మనుషులు ఇంగ్లండులోని లోస్టాఫ్ట్ రేవు కేంద్రంగా నడిచిన రాయల్ నేవల్ పాట్రోల్ సర్వీస్ (నౌకాదళ గస్తీ విభాగం)కు చెందినవారు, వారి నంబర్లు చాలావరకు ‘ఎల్‌టీ’తో మొదలవుతాయి. సమాధి లేకుండా సముద్రంలో కలిసిపోయిన దాదాపు 2,400 మంది పేర్లు ఆ ఊరి స్మారక స్తంభంపై ఉన్నాయి. సర్వీసు రికార్డులను బ్రిటిష్ రక్షణ శాఖ 2022 నుంచి నేషనల్ ఆర్కైవ్స్‌కు బదిలీ చేస్తోంది కనుక, దరఖాస్తు పంపే ముందు ఆ వ్యక్తి రికార్డు ప్రస్తుతం ఎవరి వద్ద ఉందో ఆర్కైవ్స్ వెబ్‌సైటులో చూసుకోండి.