టెక్ సందేహాలు: జతకట్టే వాయువుకు ఏ సాఫ్ట్‌వేర్?

ప్రశ్న: నేను భౌతిక రసాయన శాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నాను. నైట్రోజన్ డయాక్సైడ్ వాయువును, దాని ద్రవాన్ని, అణువుల కదలికలను లెక్కగట్టే గ్రోమాక్స్ అనే ప్రోగ్రాములో సిమ్యులేట్ చేస్తున్నాను. ఉష్ణోగ్రత ఎంత తగ్గించినా, ఆ అణువులు రెండేసి జతకట్టి ఏర్పడాల్సిన డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ అణువు ఒక్కటి కూడా ఏర్పడడం లేదు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ కొనమంటారా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: కొనవద్దు. గ్రోమాక్స్‌లో మామూలుగా వాడే ఫోర్స్ ఫీల్డులలో (పరమాణువుల మధ్య బలాలను లెక్కగట్టే సూత్రాల సమితులలో) ఏ పరమాణువుకు దేనితో బంధం ఉందో టోపాలజీ ఫైలులో ముందే రాసి ఇస్తాం. రన్ మొదలయ్యాక ఆ జాబితా మారదు. రెండు అణువులు ఎంత దగ్గరికి వచ్చినా వాటి నైట్రోజన్ల మధ్య కొత్త బంధం పుట్టే వీలే అందులో లేదు కనుక, ఎంత ఖరీదైన కార్డు పెట్టినా అదే ఫలితం మరింత త్వరగా వస్తుంది, అంతే.

బంధాలు తెగి కొత్తవి ఏర్పడేందుకు వీలిచ్చే రియాక్స్ఎఫ్ఎఫ్ పద్ధతి లాంప్స్ అనే ఉచిత ప్రోగ్రాములో ఉంది. చర్య ఏ దారిన, ఎంత వేగంతో జరుగుతుందో తెలుసుకోవడానికి అది తగినది. మీకు కావలసింది మాత్రం సమతాస్థితిలో ఏ అణువులు ఎన్ని ఉంటాయన్నది. దానికి 1994లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా ప్రకటించిన రియాక్షన్ మాంటే కార్లో పద్ధతి సరిపోతుంది. ఇందులో యాదృచ్ఛికంగా మార్పులు చేసి చూస్తారు. రెండు డయాక్సైడ్ అణువులను తీసివేసి, వాటి స్థానంలో ఒక టెట్రాక్సైడ్‌ను పెట్టి చూస్తారు. ఆ మార్పును ఆమోదించాలా వద్దా అన్నది శక్తి తేడానూ, ఆదర్శ వాయు స్థితిలో (అణువుల మధ్య ఆకర్షణ వికర్షణలు లేవనుకున్నప్పుడు) ఆయా అణువుల పార్టిషన్ ఫంక్షన్లనూ, అంటే ఒక్కో అణువుకు అందుబాటులో ఉన్న శక్తి స్థితులను కూడగట్టి చెప్పే రాశులనూ, బట్టి తేలుతుంది.

అసలు జాగ్రత్త ఆ పార్టిషన్ ఫంక్షన్ల దగ్గరే కావాలి. ఈ జతకట్టడంలో మోల్‌కు దాదాపు 57 కిలోజౌళ్ల శక్తి వెలువడుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద మీరు ఇచ్చే శక్తి విలువలో కేవలం 2.5 కిలోజౌళ్ల పొరపాటు దొర్లినా సమతాస్థితి స్థిరాంకం సుమారు 2.7 రెట్లు మారిపోతుంది.

ద్రవ, బాష్ప ప్రావస్థలు రెండూ కావాలంటే పానాయోటోపౌలోస్ 1987లో ప్రతిపాదించిన గిబ్స్ ఎన్సెంబుల్ అనే పద్ధతిని దీనికి జోడించాలి: ద్రవానికి ఒక పెట్టె, బాష్పానికి మరొకటి, వాటి మధ్య అణువుల మార్పిడి. 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే ఈ టెట్రాక్సైడ్ నాకు ప్రత్యేకంగా ఇష్టం. శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్ఎల్‌వీ రెండో దశలో ఇదే ఆక్సీకరణి. మరిగే స్థానం వద్ద బాష్పంలో దాదాపు ఆరో వంతు విడిపోయి ఉంటే, ద్రవం మాత్రం దాదాపు అంతా టెట్రాక్సైడే. అందువల్ల 500 అణువుల ద్రవపు పెట్టెలో సగటున ఒక డయాక్సైడ్ అణువు కనబడడమే కష్టం. అది లోపమని భావించకుండా రన్‌ను పొడిగించండి.

కిక్కిరిసిన ద్రవంలో కొత్త అణువును ఒక్కసారిగా చొప్పించే ప్రయత్నాలు ఎక్కువగా విఫలమవుతాయి. డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో రూపొందిన బ్రిక్-సీఎఫ్‌సీఎంసీ అనే ఉచిత ప్రోగ్రాము, చుట్టుపక్కల అణువులతో కొత్త అణువు పరస్పర చర్యలను మెల్లమెల్లగా పెంచుతూ ఈ చిక్కును దాటుతుంది. మీకు నా సిఫారసు అదే. ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటే, అందులోనే లినక్స్‌ను నడపనిచ్చే డబ్ల్యూఎస్ఎల్ ద్వారా ఉబుంటు అనే లినక్స్ వేసుకుని, ఒక్కో కోర్ మీద ఒక్కో ఉష్ణోగ్రతకు విడి రన్ నడపండి.

ముందుగా అణువుల మధ్య ఆకర్షణ వికర్షణలన్నీ సున్నా చేసి ఒక రన్ నడిపి, వచ్చిన నిష్పత్తిని చేత్తో లెక్కగట్టిన ఆదర్శ వాయు విలువతో పోల్చండి. ఆ రెండూ కలిసేవరకు ద్రవం జోలికి వెళ్లకండి.