చలి సముద్రం నుంచి మందుల షాపు దాకా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

శీతల సముద్రాల్లో బతికే జీవులు, అక్కడి చేపల వేట, వాటి నుంచి తయారవుతున్న మందుల గురించి సందేహాలు రాయమని గత సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఇక్కడ జవాబిస్తున్నాం. ప్రశ్నలు వేర్వేరయినా చాలామంది మనసులో ఉన్న ఆందోళన ఒక్కటే: మందుల కోసం సముద్రాన్ని మరింత ఖాళీ చేయవలసి వస్తుందా? ఇప్పటివరకు జరిగిన పరిశోధన చూస్తే, చలి సముద్రం వైద్యానికి ఇచ్చిన వాటిలో పెద్ద భాగం అదనపు వేట వల్ల వచ్చింది కాదు. చేపను కోసి తినే భాగం తీసుకున్నాక పారబోసే వాటిలో నుంచి, కడిగిన నీళ్లలో నుంచి, రసాయన శాస్త్రవేత్తల ఓపికలో నుంచి వచ్చింది.

ప్రశ్న: మేము శాకాహారులం. మా అత్తగారు చాలా ఏళ్లుగా 30/70 ఇన్సులిన్ వాడుతున్నారు. అందులో చేప నుంచి తీసిన పదార్థం ఉందని ఎవరో చెప్పగా, ఇక ఇంజెక్షన్ తీసుకోనంటున్నారు. ఇది నిజమేనా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

నిజమే. అయితే మీ అత్తగారు ఒక్క పూట కూడా ఇంజెక్షన్ మానకూడదు. డాక్టరుగారితో మాట్లాడకుండా మార్చనూ కూడదు. ఈ మాట ముందుగా ఆమెకు చెప్పండి.

ఆ మందులోని ఇన్సులిన్‌కు ఏ జంతువుతోనూ సంబంధం లేదు. దానిని బాక్టీరియా చేతనో, ఈస్ట్ చేతనో ఫ్యాక్టరీలో తయారు చేయిస్తారు. మిశ్రమంలో 30 వంతులు త్వరగా పనిచేసే ఇన్సులిన్, 70 వంతులు నెమ్మదిగా పనిచేసేది. ఈ రెండో దానిని నెమ్మదింపజేసే పదార్థం పేరు ప్రోటమిన్. ఇంజెక్షన్‌కు ముందు సీసాను అరచేతుల మధ్య దొర్లించినప్పుడు మందు పాలలాగా తెల్లబడుతుంది కదా, ఆ తెలుపు ప్రోటమిన్‌తో కలిసి గట్టిపడిన ఇన్సులిన్ స్ఫటికాలదే. చర్మం కింద అవి మెల్లగా కరుగుతూ గంటల తరబడి ఇన్సులిన్‌ను విడుదల చేస్తాయి.

ఈ ప్రోటమిన్‌ను సాల్మన్ జాతి మగ చేపల వీర్యకోశాల నుంచి తీస్తారు. మన పులసలాగే సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది. స్విట్జర్లాండులోని బాసెల్ నగరం దాకా రైన్ నదిలో ఎక్కివచ్చిన సాల్మన్ల వీర్యాన్ని పరీక్షిస్తూ ఫ్రెడరిక్ మీషర్ 1874లో ఈ పదార్థాన్ని కనుగొని పేరు పెట్టారు. అంతకు అయిదేళ్ల ముందు, నేడు మనం డీఎన్‌ఏ అని పిలుస్తున్న పదార్థాన్ని మొదట గుర్తించినవారు కూడా ఆయనే. డెన్మార్క్ వైద్యుడు హాగెడార్న్ 1936లో ప్రోటమిన్‌ను ఇన్సులిన్‌కు జోడించారు. రోజుకు అనేకసార్లు సూది పొడిపించుకునే బాధ లక్షలాది మందికి దానితో తగ్గింది.

ఒక మోతాదులో ఉండే ప్రోటమిన్ మిల్లీగ్రాము కంటే చాలా తక్కువ. అయినా ఆచారం విషయంలో మీ అత్తగారి మనసు ఒప్పుకోకపోతే అది గౌరవించవలసిన అభ్యంతరమే. గ్లార్జిన్ వంటి కొన్ని ఇన్సులిన్‌లలో ప్రోటమిన్ ఉండదు. అవి ఆమెకు సరిపడతాయా, మోతాదు ఎంత, భోజనం వేళల్లో ఇంకేమి వాడాలి అన్నది డాక్టరుగారే తేల్చాలి.

ఇంకొక సంగతి మాంసాహారులకు కూడా పనికివస్తుంది. గుండె ఆపరేషన్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. ఆపరేషన్ ముగిశాక దాని ప్రభావాన్ని విరగ్గొట్టడానికి ఇచ్చే మందు ఈ ప్రోటమినే. చేపలంటే అలర్జీ ఉన్నవారిలో, ప్రోటమిన్ కలిసిన ఇన్సులిన్ చాలాకాలంగా వాడుతున్నవారిలో అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చు కనుక, ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుగారికి ఈ రెండు విషయాలూ తప్పక చెప్పాలి.

ప్రశ్న: నేను భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేస్తున్నాను. నార్వేలో రొయ్యలు నానబెట్టిన నీటి నుంచి ఖరీదైన ఎంజైము తీశారని చదివాను. మన వెనామీ రొయ్యల నీటిలో కూడా అది దొరుకుతుందా? (ఒక పాఠకుడు)

మీరు చదివింది నిజం. ఉత్తర అట్లాంటిక్‌లో, ఆర్కిటిక్ అంచుల్లో పాండలస్ బొరియాలిస్ అనే ఎర్రటి చిన్న రొయ్య దొరుకుతుంది. పడవ మీదనే గడ్డకట్టించి ఒడ్డుకు తెచ్చి, పొట్టు తీసే ముందు నీటిలో వేసి కరిగిస్తారు. అప్పుడు రొయ్య తల భాగంలోని జీర్ణగ్రంథి నుంచి ఎంజైములు ఆ నీటిలోకి దిగుతాయి. కాలువలోకి పోయే ఆ నీటిలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము సమృద్ధిగా ఉందని ట్రోమ్సో నగరంలోని పరిశోధకులు గమనించి, దానిని వడకట్టి శుద్ధి చేశారు. ఇవాళ దీనిని ఎక్కువగా ఈస్ట్ చేత తయారు చేయిస్తున్నారు గనుక రొయ్య అవసరమే తగ్గిపోయింది.

ఇది రోగికి ఇచ్చే మందు కాదు, మందులు కనిపెట్టే ల్యాబుల్లో వాడే పనిముట్టు. డీఎన్‌ఏ క్రమాన్ని చదివే ముందు, పీసీఆర్ (డీఎన్‌ఏకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) చేసిన గొట్టంలో మిగిలిపోయిన ముడిపదార్థం అడ్డుపడకుండా దానిని నిర్వీర్యం చేయాలి. ఆ పని ఈ ఎంజైము చేస్తుంది. తన పని అయ్యాక అది గొట్టంలో చురుగ్గా మిగిలి ఉంటే తరువాతి దశను చెడగొడుతుంది. లేగదూడ పేగు నుంచి తీసే ఇలాంటి ఎంజైమును వేడితో పూర్తిగా చంపడం కష్టం, విడిగా రసాయనాలతో తొలగించవలసి వచ్చేది. చలి రొయ్య ఎంజైము మాత్రం 65 డిగ్రీల వద్ద కొద్ది నిమిషాలు ఉంచితే పూర్తిగా చచ్చిపోతుంది. గొట్టం మూత తీయనక్కరలేదు.

ఆ సౌకర్యం చలి నుంచే వచ్చింది. చల్లటి నీటిలో రసాయన చర్యలన్నీ మందగిస్తాయి కాబట్టి అక్కడి జీవుల ఎంజైములు వదులుగా, సులువుగా వంగే నిర్మాణంతో ఉంటాయి. అలా ఉంటేనే చలిలో చురుగ్గా పనిచేయగలవు. ఆ వదులుతనం కారణంగానే కొంచెం వేడి తగలగానే విచ్చిపోతాయి. వెనామీ పసిఫిక్ ఉష్ణతీరాల రొయ్య, మన చెరువుల్లో 28, 30 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. దాని జీర్ణగ్రంథిలోనూ ఎంజైములు ఉంటాయి కానీ, తేలికపాటి వేడికే విరిగిపోయే ఈ ప్రత్యేక గుణాన్ని వాటి నుంచి ఆశించలేం.

అయితే మీ ప్లాంటులో గుట్టలుగా పడే తలలు, పొట్టు విలువైనవే. పొట్టులోని ఖనిజాలను ఆమ్లంతోనూ, మాంసకృత్తులను క్షారంతోనూ తొలగిస్తే కైటిన్ మిగులుతుంది. గాఢమైన క్షారంలో కాస్తే అది కైటోసాన్ అవుతుంది. కైటోసాన్‌కు ధనావేశం, ఎర్ర రక్తకణాల పైభాగానికి ఋణావేశం ఉంటాయి కాబట్టి గాయం మీద పెట్టగానే కణాలు దానికి అతుక్కుని రక్తం ఆగుతుంది. ఇలాంటి పట్టీకి అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది, ఆఫ్ఘనిస్తాన్, ఇరాక్ యుద్ధాల్లో సైనికులకు వాడారు. ఈ పనికి చలి రొయ్యే కావాలన్న నియమం లేదు.

ప్రశ్న: గడ్డకట్టే నీటిలో చేపలు ఎందుకు గడ్డకట్టవు? (పదో తరగతి విద్యార్థిని, ఖమ్మం)

ఉప్పు ఉండడం వల్ల సముద్రపు నీరు సుమారు మైనస్ 1.9 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మామూలు చేప రక్తంలో ఉప్పు అంతకంటే తక్కువ కనుక అది మైనస్ 1 డిగ్రీ కూడా చేరకముందే గడ్డకట్టాలి. అంటార్కిటికాలోని మక్‌మర్డో జలసంధిలో 1960లలో ఆర్థర్ డెవ్రీస్ చేసిన పరిశోధనలో, అక్కడి చేపల రక్తంలో చక్కెర ముక్కలు తగిలించిన ఒక ప్రోటీన్ బయటపడింది. చేప శరీరంలో మంచు స్ఫటికం పుట్టగానే ఈ ప్రోటీన్ దాని మీద అతుక్కుని పెరగనివ్వదు. కొన్ని జాతుల్లో దీని జన్యువు, ఆహారాన్ని అరిగించే ట్రిప్సిన్ తాలూకు జన్యువు నుంచే పరిణమించిందని 1997లో తేలింది. అదే సముద్రంలో ఎర్ర రక్తకణాలు లేక నీళ్లలాంటి రక్తం ఉన్న ఐస్ ఫిష్ కూడా ఉంది. నీరు ఎంత చల్లనయితే అంత ఎక్కువ ఆక్సిజన్ దానిలో కరుగుతుంది, అందుకే హిమోగ్లోబిన్ లేకున్నా దానికి జరిగిపోతోంది.

ప్రశ్న: అంటార్కిటికా సముద్ర జీవుల్లో కేన్సర్ మందు దొరికిందని ఏళ్ల తరబడి వింటున్నాం. ఆ మందు ఏది? ఎందుకు ఇంత ఆలస్యం? (ఎం.ఫార్మసీ విద్యార్థి, హైదరాబాద్)

మీరు విన్నది బహుశా పాల్మెరోలైడ్ గురించి. అమెరికా వారి పామర్ స్టేషన్ దగ్గర నీటి అడుగున రాళ్లకు అతుక్కుని బతికే సైనోయికమ్ అదరేనమ్ అనే మెత్తటి జీవి నుంచి, సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీకి చెందిన బిల్ బేకర్ బృందం ఈ పదార్థాన్ని వేరుచేసి 2006లో ప్రకటించింది. ల్యాబులో పెంచిన కేన్సర్ కణాల్లో మెలనోమా అనే చర్మ కేన్సర్ కణాలను ఇది ప్రత్యేకంగా దెబ్బతీసింది. తరువాతి ఏడాదే ల్యాబులో కృత్రిమంగా తయారు చేసినప్పుడు, మొదట ఊహించిన నిర్మాణంలో కొంత పొరపాటు ఉందని బయటపడింది. అసలు తయారీదారు ఆ జీవి కాదని, దానిలో కాపురం ఉన్న ఒక బాక్టీరియా అని 2021లో జన్యు పరిశోధన సూచించింది. ఆ బాక్టీరియాను ల్యాబులో పెంచడం ఇంకా సాధ్యపడలేదు. కాబట్టి దీనిని మందు అనడం తొందరపాటు, మంచి ఆశ అనవచ్చు.

ఆలస్యం ఎందుకో అర్థం కావాలంటే, పూర్తిగా మందుగా మారిన మరొక పదార్థం నడిచిన దారి చూడాలి. హాలికాండ్రిన్ బి అనే పదార్థాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1986లో స్పంజిక (సముద్రంలో రాళ్లకు అతుక్కుని బతికే స్పాంజి జీవి) నుంచి వేరుచేశారు. 600 కిలోల స్పంజిక నుంచి వారికి దక్కింది 12.5 మిల్లీగ్రాములు. న్యూజీలాండ్‌లోని కైకోరా తీరంలో లోతైన చల్లటి నీటిలో ఉండే మరో స్పంజికలో కూడా ఇది ఉందని తెలిశాక, పరీక్షల కోసం ఒక టన్ను స్పంజికను తీశారు. దాని నుంచి వచ్చింది దాదాపు 300 మిల్లీగ్రాములు. అక్కడ ఆ స్పంజిక మొత్తం నిల్వే కొన్ని వందల టన్నులు. మందు విజయవంతమైతే ఆ జాతి మిగిలే అవకాశమే లేదు.

దారి చూపింది రసాయన శాస్త్రం. హార్వర్డ్‌లో యోషితో కిషి బృందం 1992లో ఆ అణువును పూర్తిగా కృత్రిమంగా నిర్మించింది. ఆ ప్రయత్నంలోనే అణువులో సగభాగం ఉన్నా కేన్సర్ కణంపై ప్రభావం తగ్గదని తెలిసింది. ఆ సగాన్ని మెరుగుపరచి జపాన్ కంపెనీ ఐసాయి తయారు చేసిన ఎరిబులిన్‌కు, ముదిరిన రొమ్ము కేన్సర్ చికిత్స కోసం 2010 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. తయారీలో అరవైకి పైగా దశలున్నా, ఒక్క స్పంజికను కూడా సముద్రం నుంచి లాగనక్కరలేదు. స్పంజిక నుంచి సీసా దాకా పట్టిన ఆ 24 ఏళ్లను నేను ఆలస్యమనుకోను.

మీ ఊళ్లోనే ఈ రంగానికి పునాది ఉంది. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఎస్. శివాజీ గారి బృందం అంటార్కిటికా నుంచి తెచ్చిన నమూనాల్లో ఎన్నో కొత్త చలి బాక్టీరియా జాతులను గుర్తించింది. అక్కడ షిర్మాకర్ ఒయాసిస్ అనే మంచు కప్పని ప్రాంతపు మట్టిలో దొరికిన ఒకదానిని 1992లో స్ఫింగోబాక్టీరియం అంటార్కటికస్ అని పేరుపెట్టి ప్రకటించారు. అది సముద్రపు జీవి కాదు, నేల మీది జీవి. కానీ చలిలో కణపు పొర బిగుసుకుపోకుండా బాక్టీరియా ఏం చేస్తుందన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే. ఎం.ఫార్మసీ తరువాత పరిశోధన వైపు రావాలనుకుంటే జన్యుశాస్త్రం, సేంద్రియ రసాయనం రెండింటిలోనూ పట్టు సంపాదించండి. ఈ రంగంలో ఇకమీదట పని ఆ రెండూ కలిసే చోటే ఉంది.

ప్రశ్న: మాది శ్రీకాకుళం తీరంలో వేట కుటుంబం. విదేశాల్లో చేప చర్మంతో గాయాలు మాన్పుతున్నారని విన్నాను. మందుల కోసం చేపలు పట్టడం మొదలైతే వేటగాళ్లకు మేలా, కీడా? (ఒక యువకుడు)

చేపను మందు కోసమే పట్టడం మొదలైతే కీడే. ఉత్తర అట్లాంటిక్‌లో స్పైనీ డాగ్‌ఫిష్ అనే చిన్న సొర ఉంది. సూక్ష్మజీవులను చంపే స్క్వాలమిన్ అనే పదార్థాన్ని మైఖేల్ జాస్లాఫ్ 1993లో దాని నుంచి వేరుచేశారు. ఆ సొర గర్భం మోయడానికే సుమారు రెండేళ్లు పడుతుంది. అలాంటి జాతిని మందు కోసం వేటాడితే తేరుకోదు. స్క్వాలమిన్‌ను కృత్రిమంగా తయారు చేయడం సాధ్యం కావడం ఆ సొర అదృష్టం.

ఆహారం కోసమే అయినా హద్దు మీరితే ఏమవుతుందో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ చూపించింది. శతాబ్దాలుగా కాడ్ చేప మీద బతికిన ఆ తీరంలో, పెద్ద ట్రాలర్లు నిల్వలను ఊడ్చేశాక 1992 జూలై 2న ప్రభుత్వం వేటను నిషేధించింది. దాదాపు 30,000 మంది ఉపాధి పోయింది. వాణిజ్య వేటను పరిమితంగా తిరిగి అనుమతించింది 2024లో.

మీరు విన్న చేప చర్మం ఐస్‌లాండ్‌ది. ఇసాఫ్యోర్దుర్ అనే చిన్న రేవు పట్టణంలో పుట్టిన కెరెసిస్ కంపెనీ, తినడానికి పట్టిన కాడ్ చేపల చర్మాన్ని శుద్ధి చేసి మానని పుండ్ల మీద అతికించే పట్టీగా తయారు చేస్తోంది. అమెరికాలో దానికి 2013లో అనుమతి వచ్చింది. పంది, ఆవు కణజాలం ద్వారా మనిషికి వైరస్‌లు సోకే భయం ఉంటుంది గనుక దానిని ఘాటైన పద్ధతుల్లో శుద్ధి చేయాలి. చలి నీటి చేప విషయంలో ఆ భయం బాగా తక్కువ, అందుచేత సున్నితంగా శుద్ధి చేసినా సరిపోతుంది, చర్మం సహజ నిర్మాణం, అందులోని కొవ్వులు చెడవు. కోలోప్లాస్ట్ అనే డెన్మార్క్ కంపెనీ 2023లో దీనిని 130 కోట్ల డాలర్ల వరకు విలువతో కొనుక్కుంది. ఇందుకోసం ఒక్క చేపను కూడా అదనంగా పట్టలేదు.

ఇది చలి దేశాలకే పరిమితమయిన విద్య కాదు. బ్రెజిల్‌లోని సియారా రాష్ట్రంలో వైద్యులు చెరువుల్లో పెంచిన తిలాపియా చర్మాన్ని గ్లిజరిన్‌లో భద్రపరచి, గామా కిరణాలతో శుద్ధి చేసి కాలిన గాయాలకు వాడారు. తిలాపియా మన దగ్గరా ఉంది. కానీ చర్మం ఆసుపత్రికి పనికిరావాలంటే చేపను కోసిన కొద్దిసేపటికే మంచులో పెట్టాలి, ఏ చెరువు నుంచి లేదా ఏ పడవ నుంచి ఎప్పుడు వచ్చిందో రాసి ఉండాలి, మందుల వాసన లేని నీటిలో పెరిగి ఉండాలి. మీ రేవులో మంచు, కోల్డ్ స్టోరేజీ, లెక్కల పుస్తకం ఈ మూడూ సరిగా ఉన్నాయేమో ముందు చూడండి. అవి లేనిచోట ఏ కంపెనీ వచ్చినా చర్మాన్ని కోళ్ల దాణా ధరకే అడుగుతుంది.