గుర్రుమన్నందుకు బ్రూనోను తిట్టకండి

ప్రశ్న: మా కుక్క బ్రూనోకు పదేళ్లు. ఇన్నాళ్లూ ఎవరి జోలికీ పోలేదు. పిల్లలు పట్టుబట్టడంతో మావారు మూడు వారాల కిందట రెండు నెలల కుక్కపిల్లను తెచ్చారు. అప్పటినుంచి అది దగ్గరికొస్తే చాలు బ్రూనో గుర్రుమంటున్నాడు, నిన్న దాని మొహం మీదికి నోరు తెరిచి ఎగబడ్డాడు. దానికి దెబ్బేమీ తగల్లేదు. మావారు వాణ్ని తిట్టి బాల్కనీలో కట్టేస్తున్నారు. వాడు తిండి కూడా సగం వదిలేస్తున్నాడు. చిన్నదాన్ని తిరిగి ఇచ్చేద్దామంటే పిల్లలు ఏడుస్తున్నారు. రోజూ ఇంట్లో ఇదే గొడవ.

జవాబు: ముందు బ్రూనోను బాల్కనీలోంచి లోపలికి తీసుకురండి, మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం. గుర్రుమనడం తప్పు కాదు, అది హెచ్చరిక. తిట్టి తిట్టి ఆ హెచ్చరికను మాన్పిస్తే వాడి కోపం, భయం ఎక్కడికీ పోవు, ఏదో ఒక రోజు చప్పుడు లేకుండా నేరుగా కరుస్తాడు. పైగా ఆ చిన్నది కనిపించినప్పుడల్లా తనకు తిట్లు, గొలుసు తప్పవని వాడికి మీరే నేర్పినట్టు అవుతుంది.

ఈసారి అది వాడి దగ్గరికి వెళ్లినప్పుడు వాడి మొహాన్ని చూడండి. గుర్రుమనడానికి చాలాముందే మొహం పక్కకు తిప్పుకుంటాడు, నిద్ర రాకపోయినా ఆవలిస్తాడు, నాలుకతో పెదాలు తడుపుకుంటాడు, కంటి చివర తెల్లగుడ్డు కనిపిస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. ఇవన్నీ ‘నన్ను వదిలెయ్’ అని చెప్పడమే. రెండు నెలల కూనకు అదంతా ఎక్కదు, వెళ్లి చెవి పట్టుకుని వేలాడుతుంది. అప్పుడే వాడు గుర్రుమంటాడు. నిన్న మీరు చూసినది కూడా అదే కోవలోది, నిజంగా కరవాలనుకుంటే అంత దగ్గర్లో ఉన్నదానికి దెబ్బ తగలకుండా పోయేది కాదు. తల్లికుక్క కూడా పిల్లలు మరీ విసిగిస్తే ఇలాగే అదిలిస్తుంది. చిన్నది వెనక్కి తగ్గాక వాడూ చల్లబడితే కంగారు పడక్కర్లేదు. అయితే ప్రతిసారీ అంతదాకా రానివ్వకండి, వాడు మొహం తిప్పుకోగానే దాన్ని పిలిచేయాలి, రాకపోతే ఎత్తుకుని పక్కకు తీసుకెళ్లాలి. అది వాడి డ్యూటీ కాదు, మీది.

తిండి సగం వదిలేయడాన్ని మాత్రం అలకనుకుని ఊరుకోకండి. ఈ వయసులో కీళ్ల నొప్పులు, పంటి నొప్పి, చూపో వినికిడో తగ్గడం మామూలే, నడుం నొప్పితో పడుకున్నవాడి మీదికి వెనకనుంచి ఎవరైనా దూకితే ఎంత శాంతమూర్తికైనా చిర్రెత్తుకొస్తుంది. ఈ వారంలోనే వెటర్నరీ డాక్టరుకు చూపించండి. మనం వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం ఇవ్వొద్దు, ఐబుప్రోఫెన్ లాంటివి కుక్కలకు విషం. చిన్నదానికి 16 వారాల వయసు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి టీకాలు పడాలి. బ్రూనోవి కూడా బాకీ ఉన్నాయేమో అడగండి.

తర్వాత పరిచయం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టండి. కొన్నాళ్లు ఇద్దరినీ వేరు వేరు గదుల్లో ఉంచి, ఒకరు పడుకున్న గుడ్డ ఇంకొకరి దగ్గర వేయండి, వాసన అలవాటవుతుంది. ఆ తర్వాత ఇంటి బయట, బ్రూనో తనదనుకోని చోట, ఇద్దరు మనుషులు చెరొకరిని పట్టుకుని కొంచెం ఎడంగా ఒకే దిక్కుకు నడవండి, లీష్ వదులుగా ఉండాలి. టీకాలు పూర్తి కాలేదు కాబట్టి వేరే కుక్కలు తిరిగే చోట చిన్నదాన్ని నేల మీద దించకుండా ఎత్తుకునే నడవండి. ఇంట్లో అయితే లీష్ దానికి ఉండాలి, వాడికి కాదు. కొద్ది నిమిషాలు చాలు, బాగున్నప్పుడే ఆపేయండి. అది కనిపించిన ప్రతిసారీ వాడికి ఇష్టమైన ముక్క నోట్లో పడాలి. గిన్నెలు, ఎముకలు, పడకలు వేరు వేరుగా, ఒకరివి ఒకరికి కనిపించనంత దూరంలో ఉండాలి. మీరు దగ్గర లేనప్పుడు ఇద్దరినీ ఒకచోట అస్సలు వదలొద్దు. ఇంకోటి, ఆ వయసు పప్పీ రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్రపోవాలి, పిల్లలు ఆడిస్తూ ఆ నిద్ర చెడగొడితే అది మరింతగా కొరుకుతూ వాడి మీద పడుతుంది.

ఇక మీవారి సంగతి. ఆయన బ్రూనో మీద ద్వేషంతో ఇదంతా చేస్తున్నారని నేననుకోను, చిన్నదానికి ఏమవుతుందోనన్న భయం అది. గుర్రుమన్న క్షణంలో ఆయనతో వాదించకండి, ఆ టైమ్‌లో ఎవరికీ ఏదీ బుర్రకెక్కదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు బ్రూనో పెదాలు తడుపుకోవడం ఆయనకు చూపించండి, రోజూ వాణ్ని ఒక్కణ్నే వాకింగ్‌కు తీసుకెళ్లే పని ఆయనకే అప్పగించండి. పదేళ్లుగా ఇంట్లో అందరి ప్రేమా తనదే అనుకున్నవాడికి ఇప్పుడు ఆ సమయం చాలా అవసరం. పిల్లలకు మాత్రం గట్టిగా చెప్పండి, ఫొటో కోసం ఇద్దరినీ దగ్గరికి నొక్కి పట్టుకోవద్దు, కొట్లాడుకుంటే మధ్యలో చేతులు పెట్టొద్దు.

ఇదంతా సర్దుకోవడానికి వారాలు పట్టొచ్చు, రెండు మూడు నెలలూ పట్టొచ్చు. చివరికి ఇద్దరూ ప్రాణస్నేహితులు కాకపోయినా, ఒకే గదిలో ఎవరి మానాన వాళ్లు పడుకుంటే చాలు. అయితే చిన్నది కుయ్యోమని వెల్లకిలా పడిపోయినా బ్రూనో వదలకపోతే, చప్పుడు లేకుండా దాని మీదే చూపు నిలిపి వెంటాడుతుంటే, లేదా పంటిగాటు పడితే, ఆ రోజునుంచే ఇద్దరినీ కలపడం ఆపేసి, కొట్టకుండా నేర్పే ట్రెయినర్‌ను ఇంటికి పిలిపించండి. అప్పటికీ కుదరకపోతే చిన్నదానికి వేరే మంచి ఇల్లు వెతకడంలో తప్పు లేదు, అలాంటప్పుడు అది చిన్న వయసులో ఉండగానే పంపడం మేలు. ఎందుకు పంపుతున్నారో పిల్లలకు ముందే కూర్చోబెట్టి చెప్పండి, వాళ్లు స్కూలుకు వెళ్లినప్పుడు చూసి పంపించేయకండి.