వృద్ధుల పోషణపై నర్సింగ్ పరిశోధన: నేరుగా పీహెచ్‌డీకి వెళ్లవచ్చా?

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వృద్ధుల వార్డులో పోస్టింగ్ ఉన్నప్పుడు చాలామంది పెద్దవాళ్ల భోజనం పళ్లేలు సగం కూడా ఖాళీ కాకుండా వెనక్కి వెళ్లడం, నడిచి వచ్చినవాళ్లే కొన్ని వారాలకు మంచం దిగలేని స్థితికి చేరడం చూశాను. దీనిమీద పరిశోధన చేయాలని ఉంది. పరిశోధన డాక్టర్ల పని, ఆహారం సంగతి డైటీషియన్ చూసుకుంటారు, నువ్వు ఐసీయూ స్పెషాలిటీ తీసుకో అని నాన్నగారు అంటున్నారు. డిగ్రీ అవగానే ఎమ్మెస్సీ, ఆ వెంటనే పీహెచ్‌డీ చేయడం మంచిదేనా?

జవాబు: మీ నాన్నగారి మాటల్లో ఉద్యోగానికి సంబంధించిన ఆందోళన న్యాయమైనదే, దాని గురించి తర్వాత చెబుతాను. పని ఎవరిదన్న విషయంలో మాత్రం ఆయన పొరబడ్డారు. ఏ రోగికి ఎంత ప్రోటీన్ కావాలో డైటీషియన్ నిర్ణయిస్తారు, బరువు తగ్గడానికి కారణమైన జబ్బేమిటో డాక్టర్ తేలుస్తారు. అయితే కట్టుడు పళ్లు వదులై నమలలేకపోవడం, పళ్లెం చేతికందనంత దూరంలో పెట్టి వెళ్లిపోవడం, పరీక్ష కోసం పరగడుపున ఉంచిన మనిషికి భోజనం వేళ దాటిపోవడం, నాలుగు ముద్దలకే అలసట రావడం వంటివన్నీ కనిపించేది పూటపూటా మంచం పక్కన ఉండే నర్సుకే. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ గురించి రాసిన పుస్తకంలో రోగి ఆహారానికే రెండు అధ్యాయాలు కేటాయించారు. కాబట్టి మీరు పరాయి రంగంలోకి అడుగుపెట్టడం లేదు.

అయితే వార్డులో చూసినది మనసును కదిలించినంత మాత్రాన అది పరిశోధనాంశం అయిపోదు. ఈ రంగంలో 'ఫ్రెయిల్టీ' అనే మాట మీకు పదేపదే ఎదురవుతుంది. దుర్బలత్వం అనుకోవచ్చు గానీ అది ముసలితనానికి మరో పేరు కాదు. ఎనభై ఏళ్ల వాళ్లిద్దరికి ఒకే రకం న్యుమోనియా వచ్చినప్పుడు ఒకరు పదిరోజుల్లో కోలుకుని మునుపటిలా నడుస్తారు, మరొకరు ఇన్ఫెక్షన్ తగ్గినా లేవలేరు. ఆ రెండో మనిషి శరీరంలో దెబ్బను తట్టుకునే నిల్వలు అంతకుముందే అడుగంటాయన్నమాట. 2001లో అమెరికా వైద్య పరిశోధకురాలు లిండా ఫ్రైడ్ బృందం దీన్ని ఐదు లక్షణాలతో నిర్వచించింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, అలసట, చేతి పట్టు సన్నగిల్లడం, నడక మందగించడం, శారీరక శ్రమ తగ్గిపోవడం. వీటిలో మూడు గాని అంతకుమించి గాని ఉంటే ఫ్రెయిల్టీ, ఒకటి రెండు ఉంటే దాని ముందుదశ. కెనడాకు చెందిన వృద్ధుల వైద్య నిపుణుడు కెన్నెత్ రాక్‌వుడ్ ప్రభృతులు మరో దారి పట్టారు. మనిషిలో పేరుకున్న ఆరోగ్య లోపాలన్నిటినీ లెక్కించి సూచిక కట్టడం ఒక పద్ధతి కాగా, రోగి రెండు వారాల కిందట ఎలా ఉండేవారో తెలుసుకుని 1 నుంచి 9 వరకు అంకె వేసే క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ మరొకటి. ఒకే వార్డులో ఈ కొలమానాలు వాడి చూస్తే, ఒకదానిలో దుర్బలులుగా తేలినవాళ్లే మరోదానిలోనూ తేలుతారని లేదు. అందుకే ఏ నిర్వచనం ఎందుకు ఎంచుకున్నారో చెప్పలేని విద్యార్థి వైవాలో మొదటి ప్రశ్నకే తడబడతారు.

పోషణ, మనోక్షేమం విషయానికి వస్తే, ఇవి ఫ్రెయిల్టీతో ఎంతగా పెనవేసుకున్నాయో కొలిచే సాధనాలను చూస్తేనే తెలుస్తుంది. వృద్ధుల పోషణ స్థితిని అంచనా వేసే మినీ న్యూట్రిషనల్ అసెస్‌మెంట్ అనే ప్రశ్నావళి సంక్షిప్త రూపానికి 14 మార్కులు. ఏడు లేదా అంతకన్నా తక్కువ వస్తే పోషకాహార లోపం, ఎనిమిది నుంచి పదకొండు వరకు వస్తే ఆ ముప్పు ఉన్నట్టు లెక్క. అందులో తిండి తగ్గడం, బరువు తగ్గడం గురించే కాదు, నడక గురించి, మానసిక ఒత్తిడి గురించి, డిప్రెషన్, మతిమరుపుల గురించి కూడా అడుగుతారు. ఫ్రైడ్ నిర్వచనంలోని అలసటను కొలవడానికి వాడిన రెండు వాక్యాలు ఒక డిప్రెషన్ ప్రశ్నావళి నుంచి తీసుకున్నవే. కాబట్టి 'దుర్బలులైన వృద్ధుల్లో దిగులు ఎక్కువ' అని మీ లెక్కల్లో తేలితే, అందులో కొంత భాగం ఒకే ప్రశ్నను రెండు చోట్ల అడగడం వల్ల వచ్చినదై ఉండవచ్చు. ఈ మెలికను గమనించకుండా రాసిన థీసిస్‌లు నేను కొన్ని చూశాను. ఇంకొక అపోహను కూడా ఇప్పుడే వదిలించుకోండి: బక్కపలచగా ఉన్నవాళ్లే దుర్బలులని అనుకోకూడదు, ఒంట్లో కొవ్వు పెరిగి కండరం కరిగిపోయినవాళ్లు లావుగానే కనిపిస్తారు. పెద్ద వయసులో రోజుకు శరీర బరువులో కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలని 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం సిఫారసు చేయడానికి ఈ కండరనష్టం ఒక ముఖ్య కారణం.

ఇక పని ఎలా ఉంటుందో చెబుతాను. రీసెర్చ్ నర్స్, నర్స్ రీసెర్చర్ అనే మాటలు వినడానికి ఒకటిలా ఉన్నా ఉద్యోగాలు వేరు. మొదటివారు వేరొకరు రూపొందించిన అధ్యయనంలో వృద్ధులను చేర్చుకుంటారు, సమ్మతి తీసుకుంటారు, కొలతలు తీస్తారు, నెలల తరబడి ఫాలోఅప్ చేస్తారు. రెండోవారు ప్రశ్నను తామే వేసి, అధ్యయనాన్ని రూపొందించి, దాని ఫలితాలకు బాధ్యత వహిస్తారు. మొదటిది చేయకుండా రెండోదానికి వెళ్లినవాళ్లకు డేటా ఎక్కడ చెడుతుందో తెలియదు. చేతి పట్టు కొలిచేటప్పుడు రోగి కూర్చున్నారా, మోచేయి ఎలా వంచారు, ఎన్నిసార్లు నొక్కించారు అన్నవి ఇద్దరు నర్సులు రెండు రకాలుగా చేస్తే అంకెలకు విలువ ఉండదు. మతిమరుపు ఉన్న పెద్దవారి సమ్మతి ఒక సంతకంతో ముగిసేది కాదు, వచ్చిన ప్రతిసారీ వారి ముఖం చూసి మళ్లీ అడగాల్సిందే. అన్నిటికన్నా చిక్కయినది మధ్యలో వెళ్లిపోయేవాళ్ల సంగతి. బాగా నీరసించినవాళ్లే ముందుగా అధ్యయనం నుంచి తప్పుకుంటారు, కొందరు చనిపోతారు కూడా. చివరిదాకా మిగిలినవాళ్లను మాత్రమే లెక్కిస్తే మనం పరీక్షిస్తున్న పద్ధతి ఏదైనా ఉన్నదానికన్నా గొప్పగా పనిచేసినట్టు కనిపిస్తుంది. పైగా ఇక్కడ ఫలితాలు నెమ్మదిగా వస్తాయి. వ్యాయామం నడకను ఎంతవరకు కాపాడుతుందో తేల్చడానికి అమెరికాలో జరిగి 2014లో వెలువడిన లైఫ్ అధ్యయనానికి 70–89 ఏళ్ల మధ్యనున్న 1,635 మందిని సగటున రెండున్నర ఏళ్లకు పైగా అనుసరించాల్సి వచ్చింది. అలాంటి ఓపిక మీకు ఉందా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి.

అందుచేత మీ ప్రశ్నకు నా సమాధానం: డిగ్రీ అవగానే నేరుగా వెళ్లవద్దు. కనీసం రెండేళ్లు వృద్ధుల సంరక్షణలో పనిచేయండి, వీలైతే అందులో కొంతకాలం ఎవరి అధ్యయనంలోనైనా రీసెర్చ్ నర్స్‌గా చేరండి. ఆ సమయంలోనే స్టాటిస్టిక్స్‌ను భయం పోయేదాకా నేర్చుకోండి. ఎమ్మెస్సీలో 'వృద్ధుల పోషణ, క్షేమం' వంటి సముద్రమంత అంశం తీసుకోకుండా, భోజన వేళ పక్కన కూర్చుని సాయం చేస్తే తినే పరిమాణం మారుతుందా, అసలు అలాంటి సాయం ఒక వార్డులో రోజూ చేయడం సాధ్యమేనా అన్నంత చిన్న ప్రశ్న వేసుకోండి. పీహెచ్‌డీ దగ్గర సంస్థ పేరుకన్నా గైడ్ ముఖ్యం. ఆయన లేదా ఆమె దగ్గర చదివినవాళ్లు ఎన్నేళ్లలో పూర్తిచేశారు, ఇప్పుడేం చేస్తున్నారు అని వాళ్లనే అడిగి తెలుసుకున్నాకే చేరండి.

ఇప్పుడు నాన్నగారి ఆందోళన సంగతి. ఐసీయూ నర్సుకు ఉద్యోగం త్వరగా దొరుకుతుందన్నది నిజం. పరిశోధన ఉద్యోగాలు చాలావరకు గ్రాంటు ఉన్నంతకాలమే ఉండే కాంట్రాక్టు ఉద్యోగాలు, అది దాచిపెట్టడం నాకిష్టం లేదు. అందుకే నర్సుగా రిజిస్ట్రేషన్ ఎప్పుడూ చెల్లుబాటులో ఉంచుకోవాలి, వారంలో కొన్ని గంటలైనా వార్డు పని వదలకూడదు. మరోవైపు, 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు అరవై దాటినవారై ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి ఈ నైపుణ్యం అవసరం తగ్గేది కాదు. ఐసీయూలో చేరినా మీ ఆసక్తి వృథా పోదు. అక్కడికి వచ్చే పెద్దవాళ్లకు కూడా క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ వాడుతున్నారు, ఇంటికి వెళ్లాక వాళ్లు మళ్లీ నడవగలిగారా లేదా అన్నది పరిశోధనకు మంచి ప్రశ్నే.

మీ పోస్టింగ్ ఇంకా మిగిలి ఉంటే వార్డు ఇన్‌ఛార్జి అనుమతి తీసుకుని, ఒక పూట భోజనం బండి వచ్చినప్పటి నుంచి ఖాళీ పళ్లేలు వెళ్లేదాకా ఒకచోట నిలబడి గమనించండి. రోగుల పేర్లు, వివరాలు రాసుకోవద్దు. ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే అది పరిశోధన కాదు, మీ అభ్యాసం మాత్రమే. పళ్లెం ముందుకు రావడానికీ మొదటి ముద్ద నోటికి చేరడానికీ మధ్య ఏమేం జరిగాయో మాత్రం వరుసగా రాసుకుని, ఆ కాగితంతో మీ ఉపాధ్యాయులను కలవండి.