ఇంట్లో గుచ్చుకున్న సూదులకు పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది పరకాల. మొటిమల గుంతలు పోతాయని ఏడాదిన్నర కింద, బతుకమ్మ పండుగకు ముందు, ఆన్‌లైన్‌లో 899 రూపాయలకు డెర్మారోలర్ (ముఖం మీద దొర్లించే సన్న సూదుల రోలర్) కొన్నాను. సైట్‌లో సూది పొడవు 0.5 మిల్లీమీటర్ అని ఉంది. వచ్చినదాని పిడి మీద 1.5 అని ఉంది. ఎక్కువుంటే ఇంకా మంచిదే కదా అనుకుని వాడాను. మా చెల్లెలు కూడా అదే వాడింది. వారం తిరక్కముందే నా ముఖం వాచి చీము పట్టింది. ఆర్‌ఎంపీ డాక్టర్ ఇచ్చిన క్రీం పూసి, తగ్గక వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోయాను. రెండు చెంపల మీద నల్ల మచ్చలు మిగిలాయి. కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఇంట్లోంచి బయటికి రాబుద్ధి కావడం లేదు. వస్తువు తిరిగి పంపితే డబ్బు వాపసు ఇస్తామని అమ్మినవాళ్లు ఇప్పుడు అంటున్నారు. పాత తేదీతో మెడికల్ సర్టిఫికెట్ రాయించుకుంటే కేసు గట్టిగా ఉంటుందని మా బంధువు సలహా. 20 లక్షలు అడగొచ్చా? సరిగ్గా వాడితే ఇంట్లో కూడా పనిచేస్తుందని చెల్లెలు ఇప్పటికీ వాదిస్తోంది. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో సంబంధం తప్పిపోయిన సంగతికి చాలా చోటు ఇచ్చారు. కేసును తేల్చే మాట మాత్రం మధ్యలో ఎక్కడో రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోయారు. అమ్మేటప్పుడు 0.5 అన్నారు, పంపింది 1.5. మీ బలం అదే, మీ బలహీనత కూడా అదే.

ముందు బలం చూద్దాం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 84 ప్రకారం తయారీలో లోపం ఉన్నా, చెప్పిన ప్రమాణానికి తేడాగా ఉన్నా, సరైన వాడకం సూచనలు గానీ హెచ్చరికలు గానీ ఇవ్వకపోయినా, దానివల్ల జరిగిన హానికి తయారీదారు బాధ్యుడు. ఇలాంటి రోలర్లకు తయారీదారు ఎవరో చాలాసార్లు తెలియదు. అప్పుడు సెక్షన్ 86 కింద అమ్మినవాడే జవాబు చెప్పాలి. సూది పొడవులో తేడా చిన్న విషయం కాదు. ఇంట్లో వాడుకోవడానికని అమ్మే రోలర్లలో సూదులు సాధారణంగా 0.2, 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి, చర్మం పైపొరను దాటి పెద్దగా లోపలికి పోవు. ఒకటిన్నర మిల్లీమీటర్ అంటే రక్తం వచ్చే లోతు. గుంతల చికిత్సకు చర్మ వైద్యులు ఆ లోతుకు పోతారు, కానీ మత్తు క్రీం రాసి, శుభ్రమైన సూదులతో, మొటిమలు పచ్చిగా లేనప్పుడు.

ఇక బలహీనత. సెక్షన్ 87 ఏమంటుందంటే, హాని జరిగేనాటికి వస్తువును తప్పుగా వాడి ఉంటే అమ్మినవాడి మీద ఈ దావా నిలవదు. అవతలి వకీలు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇది: "పిడి మీద 1.5 అని చూశారా, లేదా?" చూశానని మీరే రాశారు. రెండో ప్రశ్న: ఒకే రోలర్ ఇద్దరు ఎందుకు వాడారు? మూడోది ఆ ఆర్‌ఎంపీ క్రీం గురించి. అందులో స్టెరాయిడ్ ఉంటే మచ్చలు దానివల్లే వచ్చాయంటారు. ఈ మూడింటికీ జవాబు లేకుండా వినియోగదారుల కమిషన్ మెట్లు ఎక్కితే మీ కన్నీళ్లు ఏ పనికీ రావు. మీ ముఖానికి మీరే సూదులు గుచ్చుకున్న కేసులో ఉన్న చిక్కే ఇది. క్లినిక్‌లో జరిగి ఉంటే రికార్డు వాళ్ల దగ్గర ఉండేది, ప్రశ్నలు కూడా వాళ్లనే అడిగేవాళ్లం. ఇంట్లో పేషెంటు మీరే, చేసిన చెయ్యీ మీదే. కాబట్టి ప్రతి ప్రశ్నా మీ దగ్గరికే వస్తుంది.

డబ్బాలోని సూచనల కాగితం ఏమైందో మీరు ఒక్క మాట కూడా రాయలేదు. పారేశారనే అనుకుంటున్నాను. ఎనిమిది వందల చీర కొంటే బిల్లు దాస్తారు, ముఖంలో గుచ్చుకునేదాని డబ్బా చెత్తలో వేస్తారు! "పచ్చి మొటిమల మీద వాడొద్దు" అని ఆ కాగితంలో ఉందా లేదా అన్నది ఈ కేసులో సగం. అలా రాసి లేకుంటే హెచ్చరిక ఇవ్వలేదనే వాదన మీకు దొరుకుతుంది. ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. ఇల్లంతా వెతకండి. దొరక్కపోతే పార్సిల్ విప్పినప్పుడు మీరో చెల్లెలో తీసిన ఫొటోలు, స్నేహితులకు వాట్సాప్‌లో పంపినవి ఉంటాయేమో చూడండి. ఆర్డర్ పేజీ, మెయిల్‌కు వచ్చిన ఇన్‌వాయిస్, 0.5 అని ఉన్న ప్రకటన, అన్నీ ఈ రోజే స్క్రీన్‌షాట్ తీయండి. ప్రకటన ఎప్పుడైనా మార్చేస్తారు. తీసిన ఫోన్ అమ్మకండి, మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి, అది ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో చెప్పే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాల్సి వస్తుంది.

వాపసు సంగతి. వాళ్లు అడుగుతున్నది 899 రూపాయలకు మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క భౌతిక సాక్ష్యాన్ని. పంపకండి. రోలర్‌ను మళ్లీ కడగకుండా కవర్‌లో పెట్టి దాచండి. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే కమిషన్ దాన్ని సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది, రిపోర్టుకు 45 రోజుల గడువు ఉంటుంది. సూది పొడవు కొలవడం పెద్ద పనేం కాదు. "పూర్తి, అంతిమ పరిష్కారం" అన్న మాట ఉన్న ఏ మెసేజ్‌కూ ఓకే అని జవాబు పెట్టకండి.

పాత తేదీ సర్టిఫికెట్ ఆలోచన ఇవాళే మానేయండి. వినియోగదారుల కమిషన్ విచారణను చట్టం న్యాయ విచారణగానే చూస్తుంది. అందులో దొంగ సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. మీ బంధువు జైలుకు రాడు, ప్రమాణపత్రం (అఫిడవిట్) మీద సంతకం మీది. పైగా ఎంజీఎం ఓపీ చిట్టీ మీద అసలు తేదీ ఉంది. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే నిజమైన మచ్చ కూడా అబద్ధంలా కనిపిస్తుంది. ఆలస్యంగా వెళ్లానని ఒప్పుకోండి. ఆలస్యం నేరం కాదు.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69. అది హాని జరిగిన రోజు నుంచి మొదలవుతుంది. సంబంధం తప్పిపోయిన రోజు నుంచి కాదు. మీరు పంపే నోటీసులు, కంపెనీ ఇచ్చే "చూస్తున్నాం" జవాబులు గడువును ఒక్క రోజు కూడా పెంచవు. మీకు ఇంకా ఆరు నెలల లోపే ఉంది. ముందు అమ్మిన ప్లాట్‌ఫాం ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ముట్టినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నెల దాటితే ఆగకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవచ్చు గానీ అది కేసు వేసినట్టు కాదు.

మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు కాబట్టి కంపెనీ ఏ నగరంలో ఉన్నా మీ జిల్లా కమిషన్ చాలు. పరిధి, ఫీజు మీరు చెల్లించిన ధరను బట్టే ఉంటాయి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. ఐదు లక్షల లోపు ధరకు ఫీజు లేదు. అలాగని 20 లక్షలు రాయకండి. చికిత్స బిల్లులు, ఇకముందు చేయించుకోవాల్సిన చికిత్సకు డాక్టర్ ఇచ్చే అంచనా, మానసిక వేదనకు న్యాయమైన మొత్తం అడగండి. పెళ్లి సంబంధం గురించి ఒక వాక్యం చాలు, అది కూడా అవతలివాళ్లు రాసిచ్చిందో పంపిన మెసేజో ఉంటేనే. ఎంజీఎం చర్మ విభాగం డాక్టర్‌ను, ఈ మచ్చలు సూదుల గాయానికి, ఇన్‌ఫెక్షన్‌కు సరిపోలుతున్నాయా అని స్పష్టంగా అడిగి రాయించుకోండి. క్రీం పేరు దాచకుండా చెప్పండి.

మీ చెల్లెలి వాదన సంగతి. మన చర్మం రంగుకు గాయం తర్వాత నల్లమచ్చ తేలిగ్గా పడుతుంది. పైపొర దాటని సూదితో గుంతలు పూడవు, పూడ్చే లోతు ఇంట్లో చేసుకునేది కాదు. కాబట్టి నా లెక్కలో ఆ 899 దండగ. ఆమెకు ఇంతకన్నా ముఖ్యమైన పని ఒకటుంది. రక్తం తగిలిన సూదులు ఇద్దరూ వాడారు. ఇద్దరూ హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి పరీక్షలు చేయించుకుని రిపోర్టుల నకళ్లు ఈ ఫైల్‌లోనే పెట్టండి.