పాఠకుల ప్రశ్నలు: ఎన్నికల బరిలో గంజాయి చట్టం

ప్రశ్న: కొన్ని దేశాల్లో జాతీయ ఎన్నికలు వచ్చినప్పుడల్లా గంజాయి చట్టాలను సంస్కరించాలంటూ కొందరు ప్రచారానికి దిగుతున్నారు. అందుకోసమే పార్టీ పెట్టి పోటీ చేసినవారూ ఉన్నారు. ఇటువంటి ప్రచారం వల్ల నిజంగా చట్టం మారిందా? మారితే, నెగ్గినవారికీ ఓడినవారికీ తేడా ఎక్కడ వచ్చింది?

జవాబు: మారింది. అయితే సొంత పార్టీ పెట్టుకోవడం అందుకు దగ్గరి దారి కాదు. న్యూజిలాండ్‌లో ఈ ఒక్క లక్ష్యంతోనే ఏర్పడిన ఆటెయరోవా లీగలైజ్ కెనబిస్ పార్టీ 1996లో 1.66 శాతం ఓట్లు తెచ్చుకుంది. అక్కడ పార్టీ ఓట్ల దామాషాలో సీట్లు దక్కాలంటే 5 శాతం దాటాలి, లేదా ఒక నియోజకవర్గమైనా గెలవాలి. ఆ పార్టీకి ఈ రెండూ నేటికీ అందలేదు.

కెనడాలో కథ వేరుగా నడిచింది. 2015 అక్టోబరు 19న లిబరల్ పార్టీ 338 స్థానాల్లో 184 గెలుచుకుని అధికారంలోకి రావడం, 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి చట్టబద్ధం కావడం అందరికీ తెలిసినవే. అసలు పని మాత్రం ఆ ఎన్నికలకు దాదాపు నాలుగేళ్ల ముందు, 2012 జనవరిలో ఆ పార్టీ మహాసభలో జరిగింది. అప్పటికి ఆ పార్టీ పార్లమెంటులో మూడో స్థానానికి దిగజారి ఉంది. ఆ స్థితిలో గంజాయిని చట్టబద్ధం చేయాలంటూ యువజన విభాగం పెట్టిన తీర్మానాన్ని ప్రతినిధులు భారీ మెజారిటీతో ఆమోదించారు. ఓడిన పార్టీ కొత్త మాట వినడానికి సిద్ధంగా ఉంటుందన్న సంగతిని ఆ యువకులు పట్టుకున్నారు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక జెండా పట్టుకుని బయలుదేరేవారు సాధారణంగా పట్టించుకోని విషయం ఇదే. మేనిఫెస్టోలోకి ఎక్కిన హామీ నెరవేరి తీరుతుందన్న పూచీ కూడా లేదు: అదే లిబరల్ పార్టీ అదే ఎన్నికల్లో ఓటింగ్ విధానాన్ని మారుస్తామని ఇచ్చిన వాగ్దానాన్ని 2017 ఫిబ్రవరిలో చేతులారా వదిలేసింది. గంజాయి బిల్లు మాత్రం ఆ తర్వాత రెండు నెలలకే సభ ముందుకు వచ్చింది.

ఓటమి నుంచి ఎక్కువ నేర్చుకోవాలంటే మళ్లీ న్యూజిలాండ్‌కే వెళ్లాలి. 2020 అక్టోబరు 17న సాధారణ ఎన్నికలతోపాటు అక్కడ రెండు అంశాలపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఒకటి గంజాయిని చట్టబద్ధం చేసే ముసాయిదా బిల్లు, రెండోది నయం కాని జబ్బుతో మరణానికి చేరువైనవారికి స్వచ్ఛంద మరణ హక్కు. రెండు ప్రశ్నలూ ఒకే కాగితం మీద ఉన్నాయి. అదే ఓటరు, అదే కలంతో, మరణ హక్కుకు 65.1 శాతం మేర అవునన్నాడు. గంజాయి దగ్గరికి వచ్చేసరికి కాదన్నవారు 50.7 శాతం, అవునన్నవారు 48.4 శాతం అని తేలింది. నా దృష్టిలో అందుకు ఒక ముఖ్య కారణం ఉంది. మరణ హక్కు చట్టాన్ని పార్లమెంటు 2019లోనే చర్చించి, సవరించి, ఆమోదించింది; ఓటరు సరేనంటే అమల్లోకి రావడమే మిగిలింది. గంజాయి బిల్లుకు అటువంటి దన్ను లేదు. అది ముసాయిదాగానే ఉంది, తీర్పుకు ప్రభుత్వం కట్టుబడాలన్న నియమమూ లేదు, పైగా అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ తన ఓటు ఎటో ఫలితాలు వెలువడేదాకా బయటపెట్టలేదు. రోజుకు 14 గ్రాముల పరిమితి, 20 ఏళ్ల కనీస వయసు వంటి నిబంధనలు బిల్లులో స్పష్టంగానే ఉన్నాయి. కానీ పార్లమెంటులో నలగని చట్టాన్ని ఓటరు తన వంటింట్లో కూర్చుని తానే నలపవలసి వచ్చింది. ప్రాథమిక లెక్కలో 7 శాతంగా కనిపించిన తేడా ప్రత్యేక ఓట్లు (విదేశాల నుంచీ, సొంత నియోజకవర్గం బయటా వేసినవి వంటివి) కలిశాక రెండున్నర శాతం లోపుకు తగ్గడం చూస్తే, ప్రధాని ఒక్క మాట చెప్పి ఉంటే ఏమయ్యేదోనని అనిపించక మానదు.

జర్మనీలో 2021 ఎన్నికల తర్వాత మూడు పార్టీల సంకీర్ణ ఒప్పందంలో లైసెన్సు దుకాణాల హామీ ఉండగా, 2024 ఏప్రిల్ 1న అమలైన చట్టంలో దుకాణాలు మాయమై, 25 గ్రాముల దాకా దగ్గర ఉంచుకోవడం, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవడం వంటి వెసులుబాట్లు మిగిలాయి. థాయిలాండ్ ఇందుకు తిరగేసిన ఉదాహరణ: 2022 జూన్‌లో గంజాయిని మత్తుపదార్థాల జాబితా నుంచి తీసేశారు గానీ నియంత్రించే చట్టం పార్లమెంటులో గట్టెక్కలేదు, 2025లో మళ్లీ వైద్యుని చీటీ తప్పనిసరి చేశారు.

ప్రశ్న: తలుపు తట్టిన కార్యకర్తను ఇంటివారు "మా పిల్లలకు అలవాటు చేస్తారా?" అని అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: ముందుగా, ఆ భయం తప్పని వాదించకూడదు. ఎదిగే వయసులో తరచుగా వాడితే మెదడుకు హాని కలిగే ప్రమాదం ఉంది, మత్తులో బండి నడపడం ప్రమాదకరం. వీటిని ఒప్పుకోని కార్యకర్త మిగతా మాటలు ఎవరూ వినరు. ఆ తర్వాత, వాడినవారిని జైలుకు పంపకపోవడం వేరు, అమ్మకాన్ని అనుమతించడం వేరు అని విడమరచి, తాను అడుగుతున్నది ఏదో తేల్చి చెప్పాలి. దొంగచాటుగా అమ్మేవాడు కొనేవాడి వయసు అడగడు, లైసెన్సు ఉన్నవాడు అడగకపోతే ఆ లైసెన్సు పోతుంది అన్న వాదన ఇక్కడ పనికొస్తుంది. కరపత్రం మీద ఆకు బొమ్మ మాత్రం వద్దు. దాన్ని చూసి మురిసేవారు ముందే మీ వైపు ఉన్నారు. 2015లో కెనడా లిబరల్ మేనిఫెస్టో గంజాయి హామీని మూడు క్రియలతో రాసింది: చట్టబద్ధం చేస్తాం, క్రమబద్ధీకరిస్తాం, అందుబాటును కట్టడి చేస్తాం. ఆ మూడో క్రియ తలుపు తెరిచిన తల్లి కోసం రాసింది.